మీరడిగారు: బురదలోకి దిగే కాలు ఏదండీ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫోన్‌లో చూసిన వీడియోల గురించే. రోబో చెయ్యి కోడిగుడ్డు పగలకుండా పట్టుకుంది, తలలో చిప్పు పెట్టించుకున్నాయన చేతులు కదపకుండా చదరంగం ఆడాడు, ఇది మా వాళ్లకి కూడా దొరుకుతుందా అని. నేను ఇరవై రెండేళ్లు ఆసుపత్రుల్లో ఇలాంటి యంత్రాల్ని బిగించి, రిపేరు చేసి, వాటిని వాడేవాళ్ల పక్కన కూర్చుని గడిపినదాన్ని. పుట్టి పెరిగింది పాలకొల్లు కాబట్టి మన ఉప్పుగాలి, మన బురద, వానాకాలం వస్తే నెలల తరబడి ఆరని తడి ఒక పరికరాన్ని ఏం చేస్తాయో కూడా చూశాను. అందుకే ఎవరు దేని గురించి అడిగినా ముందు నేను ఎదురడిగేది ఒకటే: అది పాడైతే బాగుచేసేవాళ్లు మీకు ఎంత దూరంలో ఉన్నారు? ఈ ప్రశ్న కింద చాలాసార్లు వస్తుంది, విసుక్కోకండి.

ప్రశ్న: మాది వశిష్ఠ గోదావరి మధ్యలో లంక గ్రామం. నాన్నగారికి 58 ఏళ్లు. షుగర్ వల్ల పాదం కుళ్లిపోయి నాలుగు నెలల కిందట కుడికాలు మోకాలి కింద తీసేశారు. అరటి, కంద వేస్తాం. మళ్లీ చేలోకి దిగాలని ఆయన పట్టుదల. ఒక ఏజెంటు కంప్యూటర్ మోకాలు ఉన్న ఫారిన్ కాలు అని పద్దెనిమిది లక్షలు చెప్పాడు. ఎకరం అమ్ముదామా అనుకుంటున్నాం. జైపూర్ కాలు పాతకాలం సరుకు అంటున్నాడు. నిజమేనా మేడమ్ గారూ? (ఆచంట మండలం నుంచి ఒక కొడుకు)

జవాబు: బాబూ, ఎకరం అమ్మకండి. ముందు ఈ మాట ఇంట్లో చెప్పేసి వచ్చి మిగతాది చదవండి.

మీ నాన్నగారికి తీసింది మోకాలి కింద. అంటే సొంత మోకాలు ఉంది. ఆ ఏజెంటు చెప్పే కంప్యూటర్ మోకాలు, తొడ దగ్గర కాలు పోయినవాళ్ల కోసం చేసింది. అందులో సెన్సర్లు అడుగడుగుకీ బరువు ఎక్కడ పడుతోందో చూసుకుని మోకాలు ఎప్పుడు మడవాలో, ఎప్పుడు బిగబట్టాలో నిర్ణయిస్తాయి. చాలా గొప్ప యంత్రమే, కాదనను. కానీ తన మోకాలు తనకున్న మనిషికి దాన్ని అంటగట్టాలని చూడటం మోసం, మీ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది.

జైపూర్ పాదం పాతదన్న మాట నిజం. 1968 ప్రాంతంలో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేఠీ, చేతిపనిలో ఆరితేరిన రామచంద్ర శర్మ కలిసి చేశారు. అప్పటిదాకా దొరికే విదేశీ పాదాలు బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం చేసినవి. మనవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తారు, గొంతుక్కూర్చుంటారు, బాసింపట్టు వేసుకుని అన్నం తింటారు, మోకాలి లోతు నీళ్లలో దిగుతారు, చెట్లెక్కుతారు. అలాంటి మనుషుల కోసం రబ్బరు, స్పాంజి రబ్బరు, చెక్కముక్క కలిపి టైరు రబ్బరుని ఉడికించినట్టు ఉడికించి, వేళ్లతో సహా మామూలు పాదంలా తీర్చారు. బూటు అక్కర్లేదు, తడిసినా ఫర్వాలేదు, చీలమండ అటూ ఇటూ ఒరుగుతుంది కాబట్టి ఎగుడుదిగుడు గట్ల మీద కూడా నిలబడుతుంది. యాభై ఏళ్లు దాటినా అది ఇంకా నడుస్తోందంటే కారణం అదే. 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీన్ని ఉచితంగా అమరుస్తుంది, క్యాంపులు కూడా పెడుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో (కాన్పూర్) క్యాంపులు మన జిల్లాల్లోనూ జరుగుతుంటాయి, వాటికి యూడీఐడీ కార్డు (వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) తీసిపెట్టుకోండి.

ఇక అసలు సంగతి పాదం కాదు, సాకెట్. అంటే మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగం. అది సరిగ్గా కుదరకపోతే పద్దెనిమిది లక్షల కాలైనా మూలన పడుతుంది, కుదిరితే ప్లాస్టిక్ పైపుతో చేసినదైనా పదిగంటలు తోడుంటుంది (జైపూర్ వాళ్లు వాడేది నిజంగానే పైపుల ప్లాస్టిక్, హెచ్‌డీపీఈ). ఆపరేషన్ అయిన మొదటి సంవత్సరం స్టంప్, అంటే ఆ మిగిలిన కాలు, చిక్కిపోతూ ఉంటుంది, కాబట్టి మొదట వేసిన సాకెట్ కొన్ని నెలలకే వదులవుతుంది. అది లోపం కాదు. మేజోళ్లు ఒకటికి రెండు వేసుకోవాలి, అదీ చాలకపోతే సాకెట్ మార్పించుకోవాలి. ఎక్కడ వేయించినా రెండోసారి, మూడోసారి వెళ్లగలిగేంత దగ్గర చూసుకోండి.

మీ నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి స్టంప్ మీద పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు. రోజూ రాత్రి కాలు తీశాక అద్దం పెట్టి కింది వైపు చూడాలి. ఎర్రగా కందిన చోటు పది నిమిషాల్లో మామూలు రంగుకి రాకపోతే మర్నాడు కాలు వేసుకోకూడదు. రెండో పాదాన్ని అంతకంటే జాగ్రత్తగా చూసుకోవాలి, ఇప్పుడు బరువంతా దానిదే. పుండు పూర్తిగా మానిందని సర్జన్ చెప్పాకే ఇదంతా.

చేలోకి దిగడం నెమ్మదిగా. ముందు ఇంటి ముందు, తర్వాత గట్టు మీద కర్రతో, ఆ తర్వాతే తడి నేల. మన ఒండ్రు మట్టి పాదాన్ని పట్టి లాగుతుంది, లాగినప్పుడు సాకెట్ ఊడొచ్చే ప్రమాదం ఉంది, పైన బెల్టు కట్టించుకోండి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి.

తొడ దగ్గర కాలు పోయిన పాఠకులు కూడా ఇది చదువుతుంటారు, వాళ్లకి ఒక మాట. ఐఐటీ మద్రాస్ వాళ్లు 2022లో 'కదమ్' అనే మోకాలు తెచ్చారు. మన దేశంలో తయారైన మొదటి పాలీసెంట్రిక్ మోకాలు. ఒకే ఇరుసు మీద కాకుండా కొన్ని ఇరుసుల మీద తిరుగుతుంది, దానివల్ల నిలబడ్డప్పుడు హఠాత్తుగా మడతపడి పడిపోయే భయం తగ్గుతుంది, అడుగు ముందుకు వేసేటప్పుడు పాదం నేలకి తగలకుండా లేస్తుంది. 160 డిగ్రీల దాకా మడుచుకుంటుంది కాబట్టి బస్సులోనూ ఆటోలోనూ ఇరుకు సీట్లో కూర్చోవచ్చు. బ్యాటరీ లేదు, చార్జింగ్ లేదు.

ప్రశ్న: మా పాపకి ఏడాదిన్నర. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. పరీక్షలు చేసి రెండు చెవులూ వినపడవు, కాక్లియర్ ఇంప్లాంట్ చేయాలన్నారు. మా అత్తగారేమో మా ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, మూడేళ్లు వచ్చేదాకా ఆగమంటున్నారు. తలకి ఆపరేషన్ అంటే నాకూ భయంగానే ఉంది అక్కా. (అమలాపురం దగ్గర పల్లె నుంచి ఒక అమ్మ)

జవాబు: అమ్మా, ఆగొద్దు. అత్తగారు పాప మీద ప్రేమతోనే అంటున్నారు, ఆవిడకి కోపంగా కాకుండా పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదివి వినిపించు. మాటలు ఆలస్యంగా రావడం వేరు, శబ్దమే లోపలికి వెళ్లకపోవడం వేరు. బెరా పరీక్షలో నిద్రపోతున్న పిల్ల మెదడు శబ్దానికి స్పందిస్తోందా లేదా అని నేరుగా చూస్తారు, అందులో వినపడదని తేలితే మాటల ఆలస్యంలా దానంతటది సర్దుకుంటుందని ఆగకూడదు. మెదడులో మాట నేర్చుకునే భాగానికి మొదటి రెండు మూడేళ్లలో శబ్దం అందాలి, అందకపోతే అది వేరే పనులకు అలవాటు పడిపోతుంది. మూడేళ్లకి చేస్తే అసలు ఫలితం ఉండదని కాదు, కానీ ఒక్కో నెల పోయేకొద్దీ పాప తర్వాత పడాల్సిన కష్టం పెరుగుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే భయం కొంచెం తగ్గుతుంది. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా ఉంటుంది. శబ్దాన్ని కరెంటుగా మార్చి నరానికి ఇచ్చే సన్నని కణాలు అందులో ఉంటాయి. అవి పాడైపోతే మామూలు వినికిడి మిషను ఎంత గట్టిగా వినిపించినా లాభం లేదు. ఇంప్లాంట్ ఆ కణాల్ని దాటేసి సన్నని తీగ ద్వారా నేరుగా నరానికే సంకేతాలు ఇస్తుంది. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని పట్టి, అయస్కాంతంతో తలకి అతుక్కునే బిళ్ల ద్వారా చర్మం లోపలి భాగానికి పంపుతుంది. ఆపరేషన్ మెదడులో కాదు, చెవి వెనక ఎముకలో.

ఆ తీగని నత్తగుల్ల మెలికల్లోకి చిరగకుండా దూర్చడమెలాగో ఒకప్పుడు ఎవరికీ తెలియలేదు. ఆస్ట్రేలియా డాక్టర్ గ్రేమ్ క్లార్క్, తండ్రి చెవుడుతో పడ్డ బాధ చూస్తూ పెరిగినాయన, 1977లో సముద్రపు ఒడ్డున ఒక గుల్ల తీసుకుని అందులోకి గడ్డిపరక దూర్చి చూశాడు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక మెలికలు తిరుగుతూ లోపలిదాకా వెళ్లింది. తీగనీ అలాగే చేయించాడు, 1978లో మొదటి మనిషికి అమర్చాడు. అంతర్వేది ఒడ్డున పిల్లలకి గవ్వలు ఏరి ఇచ్చేటప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడు.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన గట్టి మాట. ఆపరేషన్‌తో సగం పని కూడా అవ్వదు. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మిషను ఆన్ చేస్తారు, ఆ రోజు పాప ఏడవచ్చు, బెదిరిపోవచ్చు, ఏమీ తెలియనట్టు ఉండొచ్చు. వీడియోల్లోలా నవ్వితేనే బాగా జరిగినట్టు అనుకోవద్దు. వినడంలో పాప వయసు ఆ రోజు సున్నా. అక్కణ్నుంచి రెండు మూడేళ్లు థెరపీ, వారం వారం. ఇంట్లో నువ్వు మాట్లాడటమే పెద్ద థెరపీ: బియ్యం ఏరుతూ, కూర తరుగుతూ, స్నానం చేయిస్తూ, జోలపాడుతూ, ప్రతి పనికీ మాట జోడించాలి. అత్తగారికి ఈ పని అప్పగించు, పెద్దవాళ్లంత బాగా ఇంకెవరూ చేయలేరు. సైగలు కూడా వాడుకో, వాటివల్ల మాటలు రావడం ఆగిపోదు.

ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందే అడుగు: థెరపిస్టు ఎక్కడుంటారు, బయటి ప్రాసెసర్ వారంటీ ఎన్నేళ్లు, అది పాడైతే ఎన్ని రోజులకి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకంలో అయిదేళ్లలోపు పిల్లలకి ఇంప్లాంట్‌కి సాయం ఇస్తారు. రాష్ట్ర ఆరోగ్య పథకంలోనూ ఈ ఆపరేషన్ ఉంది, వయసు నిబంధన ఉంటుంది కాబట్టి పథకం ఉన్న ఆసుపత్రిలో హెల్ప్ డెస్క్ దగ్గరికి ఈ వారమే వెళ్లు. ముందు మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రాకుండా వేసే టీకాలు వేయించాలి. మన తేమకి రోజూ రాత్రి ప్రాసెసర్‌ని డ్రై బాక్సులో పెట్టడం పళ్లు తోమడమంత అలవాటు కావాలి. తలకి నూనె రాసేటప్పుడూ, స్నానానికీ, ఏట్లో దింపేటప్పుడూ తీసేయాలి.

ప్రశ్న: రొయ్యల చెరువులున్నాయి, ఆరెకరాలు. రెండు నెలల కిందట పేస్‌మేకర్ వేశారు. చెరువు దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు, మోటార్లు, జనరేటర్ దగ్గరికి వెళ్లొద్దని మా వాళ్లు గోల. వెళ్లకపోతే పంట ఎవరు చూస్తారండీ? (భీమవరం దగ్గర నుంచి ఒక రైతు)

జవాబు: వెళ్లొచ్చండి, లెక్క తెలుసుకుని వెళ్లండి. ఇప్పటి పేస్‌మేకర్లు టైటానియం డబ్బాలో ఉంటాయి, మామూలు మోటారు పక్కనుంచి నడిచి వెళ్తే ఏమీ కాదు. తిరుగుతున్న మోటారు, జనరేటర్ మీదకి ఛాతీ ఆనించి వంగి చూడటం మాత్రం మానేయండి, కనీసం ఒక అడుగు దూరం. సెల్‌ఫోన్ చొక్కా జేబులో వద్దు, పేస్‌మేకర్‌కి 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి, చెవికి రెండోవైపు పెట్టుకోండి. వెల్డింగ్ పని మీ డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు.

నా భయం వేరే ఉంది. ఏరియేటర్ కేబుల్ తెగి నీళ్లలోకి కరెంటు లీకైతే అది ఎవరినైనా చంపుతుంది. మీ విషయంలో ఒంటికి తెలియనంత కొద్దిపాటి లీకు కూడా పేస్‌మేకర్‌ని మోసం చేయొచ్చు, గుండె తనే కొట్టుకుంటోందనుకుని అది పని ఆపేయొచ్చు. కాబట్టి ప్రతి లైనుకీ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చి) పెట్టించండి, 30 మిల్లీ యాంపియర్ల లీకుకే పడిపోయేది. ఏరియేటర్లు ఆపకుండా మీరే కాదు, మీ దగ్గర పనిచేసే ఏ కుర్రాడూ నీళ్లలో దిగకూడదు.

మిగతాది ధైర్యంగా ఉండండి. 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే ఆయనకి ప్రపంచంలో మొదటిసారి పేస్‌మేకర్ లోపల పెట్టారు. ఇంజినీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ దాన్ని బూటు పాలిష్ డబ్బాలో పోతపోసి చేశాడు, అది కొన్ని గంటలే పనిచేసింది. మార్చారు, మళ్లీ మార్చారు. మొత్తం 26 పేస్‌మేకర్లు మార్చుకుంటూ ఆ మనిషి 2001 దాకా బతికాడు, 86 ఏళ్లు, తనకి ఆపరేషన్ చేసిన డాక్టరు కంటే, ఆ ఇంజినీరు కంటే ఎక్కువ కాలం. ఇప్పుడు తీగలే లేకుండా మందుబిళ్లంత పరిమాణంలో తొడ దగ్గరి రక్తనాళం గుండా గుండెలోకి పంపేవి కూడా వచ్చాయి, అయితే అవి అందరికీ సరిపడవు, మీకు వేసింది చక్కగా పనిచేస్తుంటే దాని గురించి ఆలోచించనక్కర్లేదు. పేస్‌మేకర్ వేసినప్పుడు ఇచ్చిన కార్డు ఎప్పుడూ జేబులో ఉంచుకోండి, ఎంఆర్‌ఐ తీయాల్సొస్తే ముందే చూపించండి. ఇంట్లోవాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి, ఇప్పుడు వినడానికి బాగోదు కానీ తెలిసుండాలి: దహనానికి ముందు పేస్‌మేకర్ తీయించాలి, నిప్పుల్లో బ్యాటరీ పేలుతుంది.

ప్రశ్న: మా వారికి షుగర్, మాత్రలు వాడతారు. చేతికి అంటించే సెన్సర్ కొన్నాం. అందులో 168 చూపిస్తే వేలిమీద సూదితో చూస్తే 140. ఏది నమ్మాలో తెలియక ఇద్దరికీ టెన్షన్. (తణుకు నుంచి ఒక టీచర్)

జవాబు: రెండూ నిజమే టీచరుగారూ. సూది రక్తంలో చూస్తుంది, సెన్సర్ తీగ చర్మం కింది నీటిలో చూస్తుంది. రక్తంలో మారిన షుగర్ అక్కడికి చేరడానికి అయిదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది, షుగర్ వేగంగా పెరిగే తగ్గే సమయాల్లో తేడా ఇంకా కనబడుతుంది. అంకె కంటే బాణం గుర్తు చూడండి, పైకా కిందికా అని. ఆ చేతి మీదే పడుకుంటే రాత్రి ఉత్తినే తక్కువ చూపిస్తుంది, కంగారు పడి పంచదార పెట్టేయకండి, ముందు సూదితో చూడండి.

మాత్రలతో అదుపులో ఉన్నవాళ్లకి ఏడాది పొడుగునా ఇది అక్కర్లేదని నా అభిప్రాయం. పద్నాలుగు రోజుల సెన్సర్ ఒకటి పెట్టుకుని ఆ రెండు వారాలూ అన్నం ఎంత తింటే ఎంత, ఆత్రేయపురం పూతరేకు ఒకటి తింటే ఎంత, భోజనం చేశాక పావుగంట నడిస్తే ఎంత అని పుస్తకంలో రాసుకుంటే చాలు, ఆ పుస్తకం డాక్టరుకి చూపించండి. ఇన్సులిన్ మీదే బతికే టైప్ 1 పిల్లలకి మాత్రం ఇది ప్రాణంతో సమానం. సెన్సర్ చూసి ఇన్సులిన్ పంపు (ఒంటికి తగిలించుకునే చిన్న యంత్రం) తనే మోతాదు ఎక్కువ తక్కువ చేసే ఏర్పాటుకి అమెరికాలో 2016లోనే అనుమతి వచ్చింది. ఇంకో మాట, సూదే లేకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు కొనకండి. వాటిని నమ్మొద్దని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది.

ప్రశ్న: మా తమ్ముడు దింపు కార్మికుడు. కొబ్బరిచెట్టు మీంచి పడి ఏడు నెలలైంది. నడుం కింద స్పర్శ లేదు, చేతులు బాగున్నాయి. 31 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. తలలో చిప్పు పెడితే నడుస్తాడా? ఒక క్లినిక్ వాళ్లు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లకి ఆరు లక్షలు అడుగుతున్నారు. (అంబాజీపేట నుంచి ఒక అన్న)

జవాబు: అన్నయ్యా, ఈ ఉత్తరం చాలాసార్లు చదివాను. మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నేను చేయగలిగిన సాయం.

ఆరు లక్షలు ఇవ్వకండి. మన దేశంలో స్టెమ్ సెల్స్‌తో (మూలకణాలతో) అనుమతి ఉన్న వైద్యం కొన్ని రక్తజబ్బులకి చేసే మూలుగ మార్పిడి లాంటిదే. వెన్నుపాముకి ఎవరైనా చేయాలంటే అనుమతి పొందిన పరిశోధనలోనే చేయాలి, అందులో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటేనే అది పరిశోధన కాదని అర్థం.

చిప్పు సంగతి. 2024 జనవరిలో అమెరికా కంపెనీ న్యూరాలింక్ మొదటి చిప్పు పెట్టించుకున్న నోలండ్ ఆర్బో మెడ కిందంతా కదలని మనిషి. 1024 ఎలక్ట్రోడ్లు ఆయన మెదడులో సంకేతాలు చదివి కంప్యూటర్‌లో బాణాన్ని కదుపుతాయి. చేతులు కదలనివాళ్లకి అది పెద్ద వరం. మీ తమ్ముడికి చేతులున్నాయి, ఆయన మెదడూ బాగుంది, దెబ్బ తగిలింది కింద వెన్నుపాములో, ఆ చిప్పు దాన్ని అతకదు. స్విట్జర్లాండ్‌లో మాత్రం ఒక దారి మొదలైంది. గెర్ట్ యాన్ ఆస్కమ్ అనే డచ్ ఆయన సైకిల్ ప్రమాదంలో నడక పోగొట్టుకున్నాడు. గ్రెగొవార్ కుర్టీన్, జోసెలిన్ బ్లాక్ అనే శాస్త్రవేత్తల బృందం ఆయన మెదడు సంకేతాలు పట్టి, దెబ్బ తగిలిన చోటుని దాటించి కింద వెన్నుపాముకి అందించింది. ఆయన ఊతకర్రలతో నడిచాడు, 2023లో ఆ వివరాలు వచ్చాయి. కానీ ఆయన వెన్నుపాము పూర్తిగా తెగలేదు, శిక్షణ నెలల తరబడి సాగింది, అది ఇంకా పరిశోధనే. ఆ రోజు వస్తుందని నేను నిజంగా నమ్ముతున్నాను. వచ్చే రోజుకి మీ తమ్ముడు ఆరోగ్యంగా ఉండాలి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లని పడక పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు తీసుకుపోకుండా చూసుకోవాలి.

అందుకని: మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుర్చీలో కూర్చుంటే పావుగంటకో అరగంటకో చేతులతో ఒళ్లు పైకి లేపుకోవాలి. గాలి దిండు కాదు, సరైన కుషన్ కావాలి. మూత్రం గొట్టం ఎప్పుడూ ఉంచేయకుండా, శుభ్రంగా తనే గంటలు చూసి పెట్టుకుని తీసేసే పద్ధతి నేర్పమని అడగండి. వెల్లూరు సీఎంసీలో వెన్నుపాము రోగులకి ఇదంతా నేర్పి పంపుతారు. ఆ విభాగాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో తనే నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలోంచే కుష్ఠురోగులకి ఆపరేషన్లు చేసిన మనిషి. ఆవిడ కథ మీ తమ్ముడికి చెప్పండి.

కుర్చీకి డబ్బు పెట్టండి, ఆ ఆరు లక్షల్లో చాలా కొంచెం సరిపోతుంది. ఐఐటీ మద్రాస్ వాళ్ల నియోఫ్లై కుర్చీ మనిషి కొలతకి చేస్తారు. దాని ముందు తగిలించే నియోబోల్ట్ అనే బ్యాటరీ బండితో గంటకి 25 కిలోమీటర్ల వేగం వస్తుంది, ఒక చార్జింగ్‌తో అంబాజీపేట నుంచి అమలాపురం వెళ్లి రావచ్చు. నిలబెట్టే కుర్చీ 'అరైజ్' కూడా వాళ్లే 2019లో తెచ్చారు. అయితే ముందు ఇల్లు చూడండి. వరద భయానికి మన అరుగులు ఎత్తు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు కావాలి, మూడడుగుల అరుగైతే ముప్పై ఆరు అడుగులు. వాకిట్లో అంత చోటు లేకపోతే ఎల్ ఆకారంలో తిప్పండి. మరుగుదొడ్డి తలుపు కుర్చీ పట్టేంత వెడల్పు చేయించండి.

మిగతా దింపు కుర్రాళ్లకి కూడా ఒకటి చెప్పండి. ఎవరైనా పడితే చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఆటోలో కుదేయొద్దు. 108కి ఫోన్ చేసి, మెడ నడుం కదలకుండా తలుపు చెక్క మీదకో బల్ల మీదకో నలుగురు ఒకేసారి చేర్చాలి. పడినప్పుడు మిగిలిన వెన్నుపాము ఎత్తేటప్పుడు పోయిన కేసులు నేను కళ్లారా చూశాను.

ప్రశ్న: రైస్‌మిల్లులో కుడి చెయ్యి మణికట్టు పైదాకా పోయింది. బయోనిక్ చెయ్యి పనికొస్తుందా? (మండపేట)

జవాబు: పనిని బట్టి. మిగిలిన కండరం బిగిసినప్పుడు పుట్టే చిన్న కరెంటుని చర్మం మీది ఎలక్ట్రోడ్లు పట్టి వేళ్లని కదుపుతాయి. హైదరాబాద్‌లో మేకర్స్ హైవ్ సంస్థ 'కలామ్' పేరు కలిసొచ్చేలా 'కలార్మ్' అని చేస్తోంది, విదేశీ వాటి కంటే చవక. బైక్ హ్యాండిల్, గ్లాసు, ఫోను, దుకాణంలో పని వీటికి బాగుంటుంది. మీరు మళ్లీ మిల్లులో ఊక, దుమ్ము, చెమట మధ్య పనిచేయాలంటే భుజం కదలికతో తెరుచుకునే మామూలు కొక్కెం చెయ్యే మేలు. అందంగా ఉండదు, కానీ చార్జింగ్ అక్కర్లేదు, తీగ తెగితే మీ ఊళ్లోనే వేయించుకోవచ్చు. కొనే ముందు వారం రోజులు పెట్టుకుని చూడనిస్తారా అని అడగండి.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. బయోమెడికల్ ఇంజినీరింగ్ చదవాలనుంది. ఇంట్లో కంప్యూటర్సే అంటున్నారు. (కాకినాడ)

జవాబు: తల్లీ, రెండూ దొరికే దారుంది. బీటెక్‌లో ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్స్ ఏది చేసినా ఎంటెక్‌లో ఇటు రావచ్చు, ఎంటెక్ ప్రవేశపరీక్ష గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపరు విడిగా ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఈ విభాగం ఉంది, విశాఖలో వైద్య పరికరాల తయారీ కోసమే మెడ్‌టెక్ జోన్ ఉంది, ఒకసారి వెళ్లి చూసిరా. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి 2022లో కార్నియాని (కంటి ముందుభాగంలోని పారదర్శక పొరని) త్రీడీలో ముద్రించి కుందేలు కంట్లో పెట్టి చూశారు.

అయితే ఓపిక కావాలి. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియాథన్ బృందం గుండె కవాటం చేయబోతే మొదటి మూడు నమూనాలూ ఫెయిలయ్యాయి, ఏళ్లు పట్టింది. నాలుగోది 1990 డిసెంబరు 6న మొదటి రోగికి పెట్టారు. ఆ తర్వాత లక్షకు పైగా గుండెల్లో అది కొట్టుకుంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఈ సంగతి చెప్పు.

ప్రశ్న: తాతగారి వినికిడి మిషను వానాకాలం వస్తే చాలు గురగురమంటుంది, బ్యాటరీ రెండు రోజులే వస్తోంది. (రాజోలు)

జవాబు: తేమ పట్టింది బాబూ. మూత గట్టిగా ఉండే చిన్న డబ్బాలో సిలికా జెల్ గుళికలు వేసి రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి అందులో పెట్టండి. గుళికల రంగు మారితే వేడి చేసి ఆరబెట్టండి లేదా కొత్తవి వేయండి. ఆ బ్యాటరీలు గాలి పీల్చి పనిచేసేవి, స్టిక్కర్ పీకిన వెంటనే బిగించకుండా రెండు మూడు నిమిషాలు బయట ఉంచి పెడితే ఎక్కువ రోజులొస్తాయి. గొట్టంలో నీటిచుక్క కనబడితే ఊదకండి, నోటి తడి ఇంకా చేరుతుంది, రబ్బరు బల్బుతో గాలి కొట్టండి.